మీ కుడిచేత్తో ప్రయత్నించారా?

ఏదో ఒక పొద్దున్న, మీ కంపెనీని ఇంకో కంపెనీ కొనేసిందని మెయిలు వస్తుంది. అందులో "మన కుటుంబం పెద్దదయింది" అని ఉంటుంది. అది చదవగానే మీరు చెయ్యాల్సిన మొదటి పని మీ టీ కప్పు తీసి సంచీలో దాచుకోవడం. నేను దాచుకోలేదు. మా కుటుంబం పెద్దదయిన మర్నాడే నా కప్పు పోయింది. దాని స్థానంలో కొత్త యజమానుల కప్పు వచ్చింది. అందరికీ ఒకే రంగు, ఒకే నినాదం. ఆ నినాదం కుడిచేత్తో పట్టుకుంటేనే తాగేవాడికి కనిపిస్తుంది. నేను ఎడమచేతివాణ్ణి. నా టీ పూర్తయ్యేదాకా దాన్ని ఎదుటివాళ్ళు చదువుకునేవారు.

ఇది చిన్న విషయం అంటారు మీరు. నాకు చిన్న విషయాలు గుర్తుంటాయి. "అన్నీ మనసులో పెట్టుకోకు" అని సలహా ఇచ్చినవాళ్ళు కూడా గుర్తున్నారు. వాళ్ళ పేర్లు రాద్దామనే ఉంది గానీ, ఎవరి పేరూ రాయనని మా ఆవిడకి మాటిచ్చాను.

నేను సింగపూరులో తుపాకులు బాగుచేసి రిటైరయ్యాను. ఈ మాట చెబితే మా ఊళ్ళోవాళ్ళు ఒక అడుగు దగ్గరికొస్తారు, సింగపూరువాళ్ళు ఒక అడుగు వెనక్కేస్తారు. ఇద్దరికీ కంగారక్కర్లేదు. నావి పోటీల తుపాకులు. కాగితం మీద గుండ్రటి గీతల మధ్య చుక్కని కొట్టే ఎయిర్ రైఫిళ్ళు. ఈ దేశంలో వాటికీ అనుమతి కావాలి, అవి క్లబ్బులోని ఇనప గదిలోనే ఉండాలి, ఒక్క మర కూడా రాతకోతలు లేకుండా చేతులు మారకూడదు. విజయనగరం పక్కనుంచి షిప్‌యార్డు ఫిట్టరుగా వచ్చిన నాకు, ఆకురాయి పట్టడం తెలుసునని ఒక డీలరు పిలిచి ఈ పని ఇచ్చాడు. యూరప్‌లో కొండల మధ్య ఒక చిన్న ఊళ్ళో, తాతల నాటి నుంచి ఒకే కుటుంబం నడుపుతున్న రైఫిళ్ళ కంపెనీకి ఆయన ఇక్కడ ఏజెంటు. ఆ తర్వాత నేనింకెక్కడా పనిచెయ్యలేదు.

ఆ రైఫిళ్ళంటే జనానికి ఎంత ఇష్టమో ఇప్పటి కుర్రాళ్ళకి చెప్పడం కష్టం. క్లబ్బులో ఒక రిటైర్డ్ పోలీసాయన ఉండేవాడు, బెడోక్ నుంచి వచ్చేవాడు. ఆయన తన రైఫిలుని ముందు తుడిచి, ఆ తర్వాతే తన కళ్ళజోడు తుడుచుకునేవాడు. నాకు మాత్రం ఆ కంపెనీ మీద ప్రేమకి వేరే కారణం ఉంది. వాళ్ళు ఎడమచేతివాళ్ళకి ప్రత్యేకంగా రైఫిలు చేసేవారు. ఏదో దయతలచి ఏడాదికొకటి కాదు. కుడిచేతిది ఏ ధరకి, ఎన్నాళ్ళకి ఇస్తారో, ఎడమచేతిదీ అదే ధరకి, అన్నాళ్ళకే.

నన్ను ఒకసారి శిక్షణకి ఆ ఊరు పంపారు. కంపెనీ పెద్దాయన బల్లల మధ్య తిరుగుతూ నా దగ్గర ఆగాడు. నేను ఆకురాయి ఎడమచేత్తో పట్టుకుని ఉన్నాను. అలవాటు కొద్దీ కుడిచేతికి మార్చేశాను. ఆయన తల అడ్డంగా ఊపి, నన్ను లేపి, గది చివర ఇంకో బల్ల దగ్గరికి తీసుకెళ్ళాడు. ఆ బల్లకి ఇనుము బిగించే వైసు ఎడమవైపు ఉంది, దీపం ఎడమవైపు ఉంది. అది ఆయన సొంత బల్ల. ఆయనా ఎడమచేతివాడే.

మీకు తెలియంది కాదు. మన దగ్గర ఎడమచేయి ఉండటం తప్పు కాదు గానీ, దాన్ని జనంలోకి తీసుకురాకూడదు. "ఆ చెయ్యి కాదురా, ఈ చెయ్యి" అని మా నాన్నమ్మ నాకు అన్నం పెట్టినప్పుడల్లా అంది. బళ్ళో పంతులుగారు అదే మాట బెత్తంతో అన్నాడు. జురాంగ్‌లో మేముండే డార్మిటరీ వంటాయన, నేను ఎడమచేత్తో పళ్ళెం చాపానని కూర వెయ్యకుండా పక్కవాడికి వేశాడు. ఆ కూర వంకాయ. మొట్టమొదటిసారి ఒక మనిషి నా చేయి చూసి, చేతిని కాకుండా బల్లని మార్చాడు. అందుకని ఆ కంపెనీని ఎవరన్నా ఏమన్నా అంటే నాకు పడదు.

అలాంటి కంపెనీని అమ్మేశారు. పెద్దాయన పోయాక పిల్లలకి కొండలు విసుగొచ్చాయి. కొన్నది ఒక పెద్ద గ్రూపు. వాళ్ళకి అప్పటికే కుక్కల తిండిగిన్నెలు, గోల్ఫ్ సంచులు, మాంసం కాల్చుకునే పొయ్యిలు ఉన్నాయి. ఆసియా మొత్తానికి ఆఫీసు సింగపూరులోనే పెట్టారు, మా డీలరు ఏజెన్సీని కూడా కలిపేసుకున్నారు. ఆరునెలల్లో మా రైఫిలు మీద ఉండే కొండమేక ముద్ర పొయ్యిల మీదికి ఎక్కింది. కుక్కల గిన్నెల మీద కూడా. మేక బొమ్మ ఉన్న గిన్నెలో కుక్కకి తిండి పెట్టడం ఎవరికీ వింతగా తోచలేదు.

వాళ్ళు చేసిన మార్పుల్లో రెండు చెబుతాను. "మీరు కాలుస్తున్నంత కాలం ఇది మా బాధ్యత" అని పాత కంపెనీ మాట ఒకటుండేది. కొత్తవాళ్ళు దాన్ని తియ్యలేదు. అంత కాలం అంటే ఆ మోడలు బతికున్నంత కాలం అని, అది ఎప్పుడు చనిపోయిందో తామే ప్రకటిస్తామని కింద చిన్న అక్షరాల్లో కలిపారు. రెండోది, గ్రూపు మర్యాద కోసం కంప్యూటర్లలో ఒక జల్లెడ పెట్టారు. "తుపాకి", "ట్రిగ్గర్", "కాల్చు" లాంటి మాటలున్న మెయిళ్ళు బయటికి పోవు. తుపాకులమ్మే కంపెనీలో తుపాకి అన్న మాట నిషిద్ధం. "దయచేసి సౌమ్యమైన భాష వాడండి" అని తిరిగొచ్చేవి.

మా స్టోర్ కీపర్ ఒక మలయ్ పెద్దమనిషి. నేను ఆయన్ని అబాంగ్ అనేవాణ్ణి, అంటే అన్నగారు. మేమిద్దరం కూర్చుని సౌమ్యంగా రాయడం నేర్చుకున్నాం. రైఫిలు "పొడవైన వస్తువు" అయింది. ట్రిగ్గరు "వేలు ఆనించే చోటు" అయింది. ఒకసారి గొట్టం శుభ్రం చేసే కడ్డీలు అయిపోతే "గొట్టంలోంచి పోయే పొడవైన సన్నని ఇనప ఊచలు" కావాలని రాశాం. చాలా త్వరగా వచ్చాయి. పొయ్యిల విభాగం నుంచి, కబాబులు గుచ్చే ఊచలు. మంచి సరుకే. మా ఇంట్లో ఇప్పటికీ పనీరు వాటిమీదే కాలుతుంది.

కొత్త మేనేజరు మనవాడే. హైదరాబాదు కుర్రాడు, అంతకుముందు పసిపిల్లల డైపర్లు అమ్మాడు. మర్యాదస్తుడే. ఉగాదికి మా ఆవిడ చేసిన బొబ్బట్ల డబ్బా ఆయన ముందు పెట్టాను, ఎడమచేత్తో. ఆయన నవ్వుతూ చూశాడు గానీ అందుకోలేదు. నేను చేయి మార్చాక, "వావ్, థాంక్యూ అంకుల్!" అని తీసుకున్నాడు. ఇది కూడా చిన్న విషయమే.

ఇప్పుడు అసలు సంగతి.

జురాంగ్ వెస్ట్‌లో ఒక తెలుగు కుటుంబం ఉంది. తండ్రి శ్రీకాకుళం మనిషి, షిప్‌యార్డులో నాతో పాటు వెల్డరుగా వచ్చి, సూపర్‌వైజరై, ఇక్కడే స్థిరపడ్డాడు. ఆయన కూతురు ఇక్కడే పుట్టి పెరిగిన నర్సు. తండ్రి పోరు పడలేక తిండి కుడిచేత్తో తినేది, రైఫిలు మాత్రం ఎడమ భుజానే పెట్టేది. క్లబ్బులో ఆమె గురి చూస్తుంటే మిగతావాళ్ళు టీ తాగడం ఆపేవారు. ఆ సంవత్సరం ఆమె జాతీయ జట్టు ఎంపికకి వెళ్తోంది. ఆసుపత్రి డ్యూటీలు మార్చుకుని, సెలవులన్నీ దాచుకుని, దానికోసమే తయారైంది. వయసు దృష్ట్యా మళ్ళీ ఇంత వీలు దొరకదని ఆమెకీ తెలుసు, మాకూ తెలుసు.

ఎంపికకి నెల ముందు ఆమె రైఫిలు లీవరు విరిగింది. ప్రతి గుండు పెట్టేముందు రైఫిలు పక్కనున్న ఈ పిడిని లాగాలి. ఎడమచేతి రైఫిలుకి అది ఎడమవైపు ఉంటుంది. కుడివైపుది పెడితే, రైఫిలుని మోస్తున్న చేతిని ప్రతిసారీ వదిలెయ్యాలి. నిలకడ పోతుంది.

"అంకుల్, పార్ట్ ఉందా? కెన్ ఆర్ నాట్?" అంది.

"కెన్" అన్నాను. స్టోరులో ఎడమచేతి భాగాల షెల్ఫు ఒకటి నిండుగా ఉంది మరి.

అయితే కంప్యూటరు ఇవ్వనంది. ఎడమచేతి మోడలు చనిపోయినట్టు ప్రకటించారట. భాగం బయటికి రావాలంటే కస్టమర్ కేర్ అనుమతి కావాలి. జేబులో వేసుకుని వెళ్ళొచ్చు కదా అంటారేమో. ఈ దేశంలో తుపాకి భాగం జేబులో వేసుకునేవాడికి ఉద్యోగం ఒక్కటే పోదు. నువ్వే తయారుచెయ్యొచ్చు కదా అంటారేమో. చెయ్యగలను. కంపెనీ ముద్ర లేని భాగం ఉంటే క్లబ్బు ఆ రైఫిలుని రేంజిలోకే రానివ్వదు. కాబట్టి సౌమ్యమైన భాషలో రాశాను: "పొడవైన వస్తువుకి ఎడమవైపు లాగే పిడి విరిగింది. వాడే ఆమె ఎడమచేతివాటం మనిషి. దయచేసి పిడి ఇప్పించండి."

మర్నాడు జవాబు వచ్చింది. మనిషి రాశాడో మిషను రాసిందో తెలీదు. "మీ అసౌకర్యానికి చింతిస్తున్నాం. మీరు కుడిచేత్తో ప్రయత్నించారా?"

మా నాన్నమ్మ పోయి ఎన్నో ఏళ్ళయింది. ఆవిడ కస్టమర్ కేర్‌లో చేరిందని నాకెవరూ చెప్పలేదు.

ఆ రోజే ఫిర్యాదు పెట్టాను. నా స్వభావం తెలిసినవాళ్ళకి దీనిలో వింతేం లేదు. మా ఫ్లాట్ల లిఫ్టు మీద, కింద తిండికొట్ల హాకర్ సెంటర్లో చల్లారిన పరాటా మీద, పక్కింటివాళ్ళ కరావోకే మీద నా ఫిర్యాదులు ఎప్పుడూ నడుస్తూనే ఉంటాయి. కస్టమర్ కేర్ వాళ్ళు ఈ ఫిర్యాదుని "పరిష్కరించాం" అని మూసేవారు. నేను మళ్ళీ తెరిచేవాణ్ణి.

ఇంతలో పైనుంచి ఇంకో ఆజ్ఞ వచ్చింది. ఎడమచేతి భాగాలన్నీ కదలని సరుకట, షెల్ఫు ఖాళీ చేసి, రూలు ప్రకారం ముక్కలు చేయించాలట. అబాంగ్ కంప్యూటర్లో నొక్కాడు. ఎర్రగా వెలిగింది. ఏ భాగం మీదైనా ఫిర్యాదు తెరిచి ఉంటే ఆ షెల్ఫుని ఎవరూ ముట్టుకోకూడదని కొత్త యజమానులు తామే పెట్టిన రూలు. నా ఫిర్యాదు ఆ షెల్ఫుకి తాళమై కూర్చుంది.

నా సంతోషం చూడాలి! జీవితమంతా "ఎందుకయ్యా ఈ గొడవ" అన్నవాళ్ళందరికీ అది నా జవాబు. బెడోక్ పోలీసాయనకి, సెరంగూన్‌లో మందుల షాపు నడిపే ఆవిడకి, క్లబ్బులో ఉన్న ఎడమచేతివాళ్ళందరికీ ఫోన్లు చేసి, మీ షెల్ఫు నా కాపలాలో ఉందని చెప్పాను. పోలీసాయన "గుడ్ మ్యాన్" అన్నాడు. ఆ రెండు మాటల మీద వారం రోజులు బతికాను.

ఆ అమ్మాయి మాత్రం క్లబ్బు వాళ్ళ కుడిచేతి రైఫిలు ఒకటి అరువు తీసుకుని సాధన చేస్తోంది. ఆమె కాగితాలు చూశాను. చుక్క చుట్టూ చెదిరిపోయి ఉన్నాయి. భుజం వాచింది.

ఎంపిక శనివారం. శుక్రవారం మధ్యాహ్నం ఆమె నైట్ డ్యూటీ నుంచి తిన్నగా వర్క్‌షాపుకి వచ్చింది, యూనిఫాం కూడా మార్చుకోలేదు. వెనక తండ్రి.

"ఏటన్నా, షెల్ఫు నిండా ఉన్నాయంటావు, ఒక్కటి తీసి ఈలేవా?" అన్నాడు ఆయన.

"తాళం పడింది తమ్ముడూ."

"తాళం ఏసినోడెవుడు?"

అబాంగ్ నా వైపు చూశాడు. హాకర్ సెంటర్లో బల్ల మీద టిష్యూ ప్యాకెట్ పెడితే అది మనదైనట్టు, ఎవరూ కూర్చోరు. ఇక్కడ దాన్ని చోప్ చెయ్యడం అంటారు. అబాంగ్ చాలా నెమ్మదిగా అన్నాడు: "బ్రదర్, నువ్వు షెల్ఫు మొత్తం చోప్ చేశావ్ లా. టిష్యూ పెట్టావ్, పక్కనే నిలబడ్డావ్. ఆకలేసినవాళ్ళొస్తే వాళ్ళనీ కూర్చోనివ్వవా? మరి మకాన్ చేసేదెవరు, తినేదెవరు?"

మేనేజరు దగ్గరికి వెళ్ళాను. ఆయన నన్ను కూర్చోబెట్టి, స్క్రీను నావైపు తిప్పాడు.

"అంకుల్, సింపుల్. మీరు కంప్లైంట్ క్లోజ్ చెయ్యండి. 'పూర్తిగా సంతృప్తి చెందాను' అని నొక్కండి. ఫైవ్ స్టార్స్ ఇస్తే, గుడ్‌విల్ కింద ఆ కస్టమర్‌కి ఒక పార్ట్ ఆటోమేటిగ్గా రిలీజ్ అవుతుంది."

"నాలుగిస్తే?"

"రివ్యూకి వెళ్తుంది. రెండు వారాలు."

"మిగతా షెల్ఫు?"

ఆయన కాస్త తల దించుకున్నాడు. "లాక్ పోతుంది కదా అంకుల్. సోమవారం స్క్రాప్‌వాళ్ళు వచ్చేస్తారు. నేనూ ఆపలేను. ట్రై చేశాను, నిజంగా."

ఆ మాట నమ్మాను. బొబ్బట్ల సంగతి మరిచిపోలేదు గానీ, నమ్మాను.

ఫిర్యాదు ఉంచితే షెల్ఫు ఉంటుంది, ఎవరికీ పనికిరాకుండా. మూస్తే ఒక్క పిడి వస్తుంది, మిగతావన్నీ పోతాయి, పోలీసాయనవీ, సెరంగూన్ ఆవిడవీ. వాళ్ళకి నేనే ఫోను చేసి గొప్పలు చెప్పాను. దానికితోడు, నేను పుట్టి ఇంతవాణ్ణయ్యాక ఏ వస్తువు గురించీ, ఏ మనిషి గురించీ పూర్తిగా సంతృప్తి చెందానని ఎక్కడా చెప్పిన పాపాన పోలేదు. పెళ్ళిలో భోజనాలు ఎలా ఉన్నాయని మామగారు అడిగితే కూడా "సాంబారు ఇంకొంచెం మరగాల్సింది" అన్నాను.

గాజు తలుపులోంచి ఆ అమ్మాయి కనిపిస్తోంది. కుర్చీలో కూర్చునే నిద్రపోతోంది. ఎడమచేయి మాత్రం ఒళ్ళో తెరిచి ఉంది.

నొక్కాను. ఒక్కో నక్షత్రం వెలుగుతుంటే పన్ను పీకించుకుంటున్నట్టుంది. ఐదోది నొక్కాక ఇంకో గడి వచ్చింది: "మా సేవలో మీకు బాగా నచ్చింది ఏమిటి?" ఖాళీగా వదిలితే ముందుకు పోదు. "కప్పు" అని రాశాను. ఆ కింద ఇంకేదో చిన్న అక్షరాల్లో ఉంది. కళ్ళజోడు వర్క్‌షాపులో నా బల్ల మీద ఉండిపోయింది. దానికీ సరే అని నొక్కేశాను.

షెల్ఫు దగ్గర ఆకుపచ్చ దీపం వెలిగింది. అబాంగ్ ఒక్క పిడి తీసి, రెండు చేతులతో నాకు అందించాడు. సాయంత్రంలోగా బిగించి, క్లబ్బులో చూపించి, ముద్ర వేయించాం. ఆమె ఎడమ భుజాన పెట్టుకుని పిడి లాగింది. ఆ చప్పుడు నాకు ఇప్పటికీ చెవిలో ఉంది. సరిగ్గా కూర్చున్న ఇనుము చేసే చిన్న చప్పుడు.

"ఓకే లా, అంకుల్" అంది. అంతే. నర్సులు ఎక్కువ మాట్లాడరు.

శనివారం ఆమె జట్టులోకి వచ్చింది. చివరి స్థానం, కానీ జట్టులోకే. సోమవారం స్క్రాప్‌వాళ్ళు వచ్చారు. నేను సెలవు పెట్టలేదు. నిలబడి చూశాను. పోలీసాయనకి ఫోను చేసి చెప్పాను. ఆయన "నా రైఫిలు ఇంకా పనిచేస్తోందిగా" అన్నాడు. ఆ తర్వాత ఆయన ఆ లీవరుని ఎంత మెల్లగా లాగేవాడంటే, పక్కవాళ్ళ పోటీ అయిపోయేది. సెరంగూన్ ఆవిడ వేరే కంపెనీ రైఫిలు కొనుక్కుంది, నాతో మాట్లాడ్డం మానేసింది. అది నేను అర్థం చేసుకోగలను. నేనైనా అదే చేసేవాణ్ణి, ఇంకా ఎక్కువకాలం చేసేవాణ్ణి.

కథ ఇక్కడ ముగియాలి. కానీ కంపెనీ నన్ను ముగించనివ్వలేదు.

నేను రిటైరయ్యే నెలలో ఆ అమ్మాయి తండ్రి ఫోను చేశాడు. "అన్నా, బేగి క్లబ్బుకాడికి రా. నీ బొమ్మ ఏసినారు!"

వెళ్ళాను. క్లబ్బు గోడమీద మనిషెత్తు పోస్టరు. దాంట్లో నేను. కుటుంబం పెద్దదయిన కొత్తలో ఉద్యోగులందరికీ ఫోటోలు తీశారు, రైఫిలు భుజాన పెట్టించి. ఆ ఫోటో. పైన ఐదు నక్షత్రాలు. కింద పెద్ద అక్షరాల్లో: "నేను పూర్తిగా సంతృప్తి చెందాను." ఆ రోజు నేను చదవని చిన్న అక్షరాలు ఇవన్నమాట.

కానీ ఏదో తేడాగా ఉంది. చూసి చూసి పట్టుకున్నాను. నా పాపిడి అవతలివైపు ఉంది. గడియారం అవతలి చేతికి ఉంది. అమ్మకానికి ఉన్న రైఫిలు కుడిచేతిదే కదా, అందుకని బొమ్మని తిప్పి అచ్చువేశారు. పోస్టరులో నేను రైఫిలుని కుడి భుజాన పెట్టుకుని ఉన్నాను. దర్జాగా, అలవాటున్నవాడిలా.

తండ్రి నడుం మీద చేతులు పెట్టుకుని మురిసిపోతున్నాడు. "సూసినావా అన్నా! అంతమంది కొట్టినా, తిట్టినా మారనోడివి. కంపినీవోలు ఒక్క దెబ్బకి మార్చీసినారు. మీ నాన్నమ్మ ఉంటే ఎంత సంబరపడిపోయీదో!"

కూతురు నవ్వలేదు. గోడ దగ్గరికి వెళ్ళి, పోస్టరు కింద అంచు పట్టుకుని కొంచెం లాగి చూసింది. గట్టిగా అంటించారు. "అంకుల్, కంప్లెయిన్ చెయ్యండి లా" అంది.

చేశాను. ఆ సాయంత్రమే, షెల్ఫు మీద పెట్టిన ఆ పాత ఫిర్యాదునే మళ్ళీ తెరిచి, సౌమ్యమైన భాషలో: "ఈ ఫోటోలో ఉన్నది నా చేయి కాదు." మూసేశారు. తెరిచాను. ఉద్యోగం ముగిసింది, ఇంటికొచ్చాను, మూసేశారు, తెరిచాను. మొన్న ఆ మేనేజరు కుర్రాడు వేరే కంపెనీకి వెళ్తూ ఫోను చేసి, "అంకుల్, ఇక వదిలెయ్యండి, స్టార్స్ ఏమన్నా ఇచ్చి క్లోజ్ చేసేయండి" అన్నాడు. ఆ షెల్ఫు మీద ఇప్పుడు కుక్కల గిన్నెలున్నాయట. నా ఫిర్యాదు తెరిచి ఉన్నంతకాలం వాటిని ఎవరూ కదపలేకపోతున్నారట.

ఉండనివ్వమన్నాను.